గేటుకి తాళం వేస్తే జబ్బు ఆగదు: మహమ్మారి రోజుల్లో వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లను ఎలా కాపాడుకోవాలి

2021 ఏప్రిల్ చివరి వారం. మా ఆశ్రమం గేటుకి తాళం వేసి అప్పటికి మూడు వారాలైంది. చుట్టాలను రానివ్వలేదు. పాల ప్యాకెట్లు కూడా గేటు బయట బకెట్లో వేయించుకుని, సబ్బునీళ్లతో కడిగి లోపలికి తెచ్చుకునేవాళ్లం. అయినా జబ్బు వచ్చింది. ఎలా వచ్చిందో తెలియడానికి రెండు రోజులు పట్టింది. పై అంతస్తులో చేసే ఆయమ్మకి మూడు రోజులుగా ఒళ్లునొప్పులు, గొంతుమంట. పొద్దున్నే జ్వరం బిళ్ల వేసుకుని డ్యూటీకి వస్తోంది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"చెబితే ఇంటికి పొమ్మంటారు మేడమ్. రాని రోజుకి జీతం కోస్తారు కదా. ఇంట్లో బియ్యం ఎక్కణ్నుంచి వస్తాయి?" అంది.

ఆమెని ఏమీ అనలేకపోయాను. రాని రోజుకి జీతం కోసే పద్ధతి పెట్టుకున్నది మేమే. వృద్ధాశ్రమం నడిపేవాళ్లకి, అందులో పనిచేసేవాళ్లకి, అమ్మనో నాన్ననో అక్కడ ఉంచినవాళ్లకి ఉపయోగపడుతుందని, ఆ రోజుల్లో నేర్చుకున్నవన్నీ ఏది ముందు చేయాలో ఆ వరసలోనే ఇక్కడ రాస్తున్నాను. కోవిడ్ అనుభవంతో రాసినా, గాలి ద్వారా, దగ్గు తుంపర్ల ద్వారా పాకే ఏ జబ్బుకైనా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

మొదటి పని: స్టాఫ్ జీతం, సెలవు సంగతి తేల్చండి

మాస్కులు కొనడానికంటే ముందు చేయాల్సింది ఇది. ఆశ్రమంలో ఉన్న పెద్దవాళ్లు బయటికి వెళ్లరు. బయటికి వెళ్లి మళ్లీ వచ్చేది మనమే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని కిర్క్‌లాండ్ అనే ఊళ్లో 2020 ఫిబ్రవరి చివర్లో ఒక వృద్ధుల కేంద్రంలో కోవిడ్ బయటపడింది. ఆ దేశంలో మొదట పెద్ద ఎత్తున ప్రాణాలు పోయింది అక్కడే. జబ్బు అంతలా ఎలా పాకిందని ఆరా తీస్తే తేలిన కారణాల్లో రెండు మన ఆశ్రమాలకీ అచ్చంగా సరిపోతాయి: ఒంట్లో బాగాలేకపోయినా స్టాఫ్ పనికి రావడం, ఒకే మనిషి రెండు మూడు చోట్ల పనిచేయడం.

అందుకని, జబ్బు చేసి ఇంట్లో ఉన్న రోజులకి పూర్తి జీతం ఇస్తామని కాగితం మీద రాసి స్టాఫ్ గదిలో అంటించండి. నోటిమాట చాలదు, నమ్మరు. మొదటిసారి ఎవరైనా "జ్వరంగా ఉంది" అని ఫోన్ చేసినప్పుడు విసుక్కోకుండా, ఆ నెల జీతం చేతికి పూర్తిగా ఇచ్చి చూడండి. ఆ తర్వాత ఎవరూ దాచరు. మా కమిటీ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. ఒక ఆయమ్మకి పది రోజుల జీతం ఎంతో, ముగ్గురు పెద్దవాళ్లను ఆసుపత్రిలో చేరిస్తే ఎంతవుతుందో పక్కపక్కన రాసి చూపించాక ఇంకో మాట మాట్లాడలేదు.

పగలు మీ దగ్గర, రాత్రి ఇంకో ఇంట్లో రోగిని చూసుకునే ఆయమ్మలు చాలామంది ఉంటారు. నేరం చేసినట్టు నిలదీయకండి. రెండో చోట ఎంత వస్తోందో అడిగి, మహమ్మారి తగ్గేదాకా ఆ తేడా మీరే ఇవ్వండి, లేదా ఇక్కడే రెండు డ్యూటీలు సర్దండి. ఫ్రాన్స్‌లో లియాన్ నగరం పక్కన కోర్బాస్ అనే చోట 2020 మార్చి నుంచి మే దాకా ఒక వృద్ధాశ్రమం సిబ్బందిలో కొందరు 47 రోజులు పెద్దవాళ్లతో పాటు లోపలే ఉండిపోయారు. ఒక్కరికి కూడా కోవిడ్ రాలేదు. మీరూ అలా చేయాలనుకుంటే బలవంతం పెట్టొద్దు. పసిపిల్లలున్న తల్లిని ఉండమనడం అన్యాయం. ఉండేవాళ్లకి మంచం, విడిగా బాత్రూమ్, వేళకి భోజనం, అదనపు జీతం ఇవ్వండి. పదిహేను రోజులకొక బ్యాచ్ మార్చండి. కొత్త బ్యాచ్ లోపలికి వచ్చేముందు పరీక్ష చేయించండి.

ఇంకొకటి. ఏ అంతస్తు ఆయమ్మ ఆ అంతస్తులోనే ఉండాలి. ఒకరు రాలేదని కింది ఆమెను పైకి పంపితే, మనం చేసిన ఏర్పాటంతా ఆ ఒక్క పూటలో పోతుంది. అలాగే స్టాఫ్ అన్నం తినే చోటు చూడండి. డ్యూటీలో మాస్కు పెట్టుకున్నవాళ్లు భోజనం దగ్గర తీసేసి, చిన్న గదిలో మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని కూరలు పంచుకుంటారు. మా దగ్గర స్టాఫ్‌లో ఒకరి నుంచి ఇంకొకరికి అంటింది అక్కడేనని నా నమ్మకం. వరండాలోనో చెట్టు కిందో ఇద్దరిద్దరు చొప్పున దూరంగా కూర్చుని తినేలా టైములు వేయండి.

టీకాలు, కాగితాలు: జబ్బు ఊళ్లోకి రాకముందే

హాంకాంగ్ సంగతి చెప్పాలి. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బుతో దెబ్బతిన్న ఊరది. దాంతో వృద్ధాశ్రమాలన్నిటికీ ముందే నియమాలు పెట్టుకున్నారు, ఇన్ఫెక్షన్ సంగతి చూడ్డానికి ప్రతిచోటా ఒక బాధ్యుణ్ని పెట్టుకున్నారు. 2020లో ప్రపంచమంతా అల్లాడుతుంటే అక్కడి ఆశ్రమాలు చాలావరకు నిలబడ్డాయి. కానీ ఆ ధైర్యంతోనే పెద్దవాళ్లకి టీకాలు వేయించడంలో వెనకబడ్డారు. 2022 మొదట్లో ఒమిక్రాన్ రకం కోవిడ్ వచ్చినప్పుడు కొద్ది వారాల్లోనే వేల మంది పోయారు. ఎక్కువమంది టీకా పూర్తిగా వేయించుకోని వృద్ధులే, అందులోనూ ఆశ్రమాల్లో ఉన్నవాళ్లు చాలామంది.

"ఈ వయసులో నాకెందుకమ్మా, వేరే ఎవరికైనా వేయండి" అంటారు మన పెద్దవాళ్లు. మన దేశంలో 2021 మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లకి కోవిడ్ టీకా మొదలైనప్పుడు మా మామ్మగారు ఒకరు సరిగ్గా ఈ మాటే అన్నారు. వాదించకండి. ఆశ్రమంలో అందరూ గౌరవించే ఒక పెద్దాయనకి ముందు వేయించి, ఆయన్నే మిగతావాళ్లతో మాట్లాడమనండి. మహమ్మారి ఉన్నా లేకపోయినా ఏటా ఫ్లూ టీకా వేయించండి. మన దగ్గర వానాకాలంలోనూ ఫ్లూ వస్తుంది కాబట్టి వానలకి ముందే వేయించడం మంచిది. న్యుమోనియా టీకా గురించి డాక్టరుగారిని అడగండి. స్టాఫ్‌కి కూడా ఆశ్రమం ఖర్చుతోనే వేయించండి.

ఇక కాగితం. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేజీ చాలు. వేసుకునే మందులు, ఉన్న జబ్బులు, పడని మందులు, మామూలుగా ఉండే బీపీ, మామూలుగా ఉండే ఆక్సిజన్ అంకె (వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో కనిపించేది), ఇంటివాళ్లవి రెండు ఫోన్ నంబర్లు, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డుల జిరాక్సు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే, అర్ధరాత్రి నిర్ణయం చెప్పగలిగే మనిషి ఇక్కడ ఎవరున్నారో కూడా రాసి పెట్టుకోండి. ఆక్సిజన్ పడిపోతున్న రాత్రి రెండు గంటలకి సిమ్ మార్చేసిన కొడుకు నంబరు కోసం వెతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అదే పేజీలో ఇంకో వరస ఉండాలి: మరీ బాగా లేకపోతే వెంటిలేటర్ దాకా వెళ్లాలనుకుంటున్నారా, ఇక్కడే ఉండి నొప్పి లేకుండా చూస్తే చాలనుకుంటున్నారా? ఈ మాట అడగడానికి నోరు రాదు. కానీ అడిగితే పెద్దవాళ్లు మనకంటే నిబ్బరంగా చెబుతారు. ఓపికున్నప్పుడు, పిల్లలను కూడా ఫోన్లో కూర్చోబెట్టుకుని, డాక్టరుగారి ఎదుట అడగండి. మనసు మార్చుకుంటే ఎప్పుడైనా మార్చి రాయొచ్చని చెప్పండి.

నెలకి సరిపడా సామాను విడిగా ఒక బీరువాలో పెట్టండి: సర్జికల్ మాస్కులు, రోగి దగ్గరికి వెళ్లేవాళ్లకి ఎన్-95లు, గ్లౌజులు, రెండు మూడు ఆక్సీమీటర్లు, వాటికి సెల్స్, థర్మామీటర్లు, ఓఆర్ఎస్, పెద్దవాళ్ల డైపర్లు, అందరి బీపీ, షుగరు మందులు. అన్నీ మూసేసిన రోజున మందుల దుకాణం ముందు క్యూలో నిలబడటానికి మీకు మనిషి దొరకడు.

గాలి

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కానీ ఎక్కువమంది వదిలేసేది ఇదే. గదికి ఎదురెదురుగా రెండు కిటికీలుంటే రెండూ తెరిచి ఉంచండి. "దోమలొస్తాయి" అని సాయంత్రం ఐదింటికే అన్నీ మూసేస్తారు. కాబట్టి ముందు కిటికీలకి దోమతెర జాలీ కొట్టించండి. మేము శానిటైజర్ మీద పెట్టిన డబ్బులో సగం జాలీల మీద పెట్టి ఉంటే ఇంకా మేలు జరిగేది. ఒకటే కిటికీ ఉన్న గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. ఏసీ హాల్లో అందరినీ కూర్చోబెట్టి టీవీ పెట్టడం, భజన చేయించడం మానండి. భజన ఆపక్కర్లేదు, ఆరుబయట పెట్టుకోండి. గట్టిగా పాడినప్పుడు తుంపర్లు ఎక్కువ దూరం వెళ్తాయి, అందుకే ఆరుబయట కూడా ఎడంగా కూర్చోవాలి.

శుభ్రత, బ్లీచింగ్ పౌడర్

చేతులు సబ్బుతో 20 సెకన్లు. ఒక పెద్దాయనకి స్నానం చేయించి ఇంకొకరికి అన్నం తినిపించే మధ్యలో, డైపర్ మార్చాక, మందులు ఇచ్చేముందు. ప్రతి మంచం దగ్గరికీ సబ్బు, నీళ్లు అందవు కాబట్టి అక్కడ శానిటైజర్ పెట్టండి. మతిమరుపు ఉన్నవాళ్ల గదిలో మాత్రం పెట్టొద్దు, తాగేస్తారు. ఆ గదికి వెళ్లేవాళ్లు జేబులో పెట్టుకుని వెళ్లాలి.

తలుపు గొళ్లేలు, మంచం కమ్మీలు, వీల్‌చైర్ చేతులు, కుళాయిలు, స్విచ్చులు రోజుకి రెండుసార్లు తుడవాలి. కొత్త బ్లీచింగ్ పౌడర్ అయితే 10 లీటర్ల బకెట్‌కి 30 గ్రాములు చాలు. వాంతి, రక్తం, విరేచనం పడిన చోట లీటరు నీళ్లకి 30 గ్రాములు కలపండి. చెంచాల లెక్క వద్దు, వంటింటి కాటా మీద తూచండి. స్విచ్చుల మీద నీళ్లు పోయకూడదు, పిండిన గుడ్డతో తుడవాలి. మిగతా చోట్ల పదినిమిషాలు తడిగా ఉంచి తర్వాత మంచినీళ్లతో తుడవండి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపనివ్వకండి, విషవాయువు వస్తుంది. "బాగా శుభ్రమవుతుంది" అని రెండూ కలిపి మూసిన బాత్రూమ్‌లో పోసేవాళ్లున్నారు. మనుషుల మీద మందు చల్లడం వద్దని 2020 ఏప్రిల్‌లోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతినడం తప్ప దానివల్ల ఉపయోగం లేదు.

కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే మాస్కు పెట్టుకున్నట్టు కాదని ఆయమ్మలకి నవ్వుతూనే, కానీ రోజూ చెప్పండి.

రోజూ చూడాల్సింది జ్వరం ఒక్కటే కాదు

ఇక్కడ కాస్త ఆగి జాగ్రత్తగా చదవండి.

మా ఆశ్రమంలో ఒక మాస్టారు ఉండేవారు. పొద్దున్న ఏడింటికి పేపరు చదివి, ఎనిమిదింటికి పెరుగన్నం తినడం ఆయన అలవాటు. ఆ రోజు పేపరు మడత విప్పలేదు. పెరుగన్నం రెండు ముద్దలు తిని పక్కకి నెట్టారు. "ఏం మాస్టారూ, బాలేదా?" అంటే "బానే ఉందమ్మా, ఆకలి లేదు" అన్నారు. దగ్గు లేదు, ఆయాసం లేదు. జ్వరం చూస్తే 98.4. వేలికి ఆక్సీమీటర్ పెట్టాం. 87. నమ్మలేక వేలు మార్చి, చేతులు రుద్ది వెచ్చబెట్టి మళ్లీ పెట్టాం. 87. ఆయన్ని వెంటనే ఆసుపత్రికి పంపాం, ఇరవై రోజుల తర్వాత తిరిగొచ్చారు. అన్నం తినకపోవడాన్ని ఆయన్ని చూసుకునే ఆయమ్మ పట్టించుకోకపోయి ఉంటే ఏమయ్యేదో.

పెద్దవయసులో జబ్బు మొదట ఇలాగే కనిపిస్తుంది. తిండి తగ్గడం, పగలంతా మగతగా ఉండటం, ఉన్నట్టుండి తికమకపడటం, ఎప్పుడూ పడని మనిషి పడిపోవడం, పక్క తడపని మనిషి తడపడం, విరేచనాలు. కొందరికి ఏ లక్షణమూ ఉండదు. కిర్క్‌లాండ్ ఉన్న జిల్లాలోనే ఇంకో కేంద్రంలో అందరికీ పరీక్ష చేస్తే, పాజిటివ్ వచ్చిన పెద్దవాళ్లలో సగానికి పైగా ఆ రోజుకి ఏ లక్షణమూ లేనివాళ్లే. జ్వరం కూడా 100 దాటక్కర్లేదు, పదేపదే 99 దాటుతుంటే అది సంకేతమే. గేటు దగ్గర నుదుటికి పెట్టే జ్వరం తుపాకీని చూసి నిశ్చింతగా ఉండకండి.

అందుకని రోజుకి రెండుసార్లు జ్వరం, ఆక్సిజన్, ఎంత తిన్నారు, ఎలా ఉన్నారు అని నోటుపుస్తకంలో రాయించండి. ఊళ్లో జబ్బు ఎక్కువగా ఉన్నప్పుడు మూడుసార్లు. ఆక్సీమీటర్ పెట్టేముందు గోళ్లకి గోరింటాకు, రంగు ఉందేమో చూసి, లేని వేలికి పెట్టాలి. అంకె నిలబడేదాకా నిమిషం ఆగాలి. 94కి వస్తే, లేదా ఆ మనిషికి మామూలుగా ఉండే అంకె కంటే మూడు తగ్గితే డాక్టరుగారికి ఫోన్ చేయండి. 90 కంటే తగ్గితే ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయండి. ఉబ్బసం, పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి మామూలు అంకే తక్కువగా ఉండొచ్చు. అందుకే ముందే రాసి పెట్టుకోమన్నాను.

ఒకరికి వచ్చిందని అనుమానం రాగానే

పరీక్ష ఫలితం కోసం ఆగొద్దు. ఆ మనిషిని విడిగా బాత్రూమ్ ఉన్న గదిలోకి మార్చండి. ఈ గదిని ముందే ఖాళీగా ఉంచుకోవాలి, స్టోరు సామాను నింపుకోకూడదు. అంతవరకు ఆ మనిషితో పాటు ఒకే గదిలో ఉన్నవాళ్లను మాత్రం చెదరగొట్టకండి. "పాపం, భయపడతారు" అని వాళ్లను వేరే గదుల్లోకి సర్దితే జబ్బుని మనమే పంచినట్టు. వాళ్లు అక్కడే ఉండాలి, మంచాల మధ్య దూరం పెంచండి, వాళ్లకీ పరీక్ష చేయించండి. ఆ రోజే మొత్తం ఆశ్రమానికి, స్టాఫ్‌తో సహా, పరీక్ష చేయించమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వాళ్లకి ఫోన్ చేయండి.

జబ్బు ఉన్నవాళ్లను చూసే ఆయమ్మ వేరేవాళ్ల దగ్గరికి వెళ్లకూడదు. తప్పనిసరై ఒకరే చూడాల్సి వస్తే, ముందు బాగున్నవాళ్లు, ఆఖర్న జబ్బు ఉన్నవాళ్లు. ఇంటివాళ్లకి అదే రోజు మీరే ఫోన్ చేసి చెప్పండి. వాట్సాప్ గ్రూపులో పక్కింటివాళ్ల ద్వారా తెలిస్తే ఆ నమ్మకం మళ్లీ రాదు.

నీళ్లు పట్టించడం పెద్ద పని. జబ్బు కంటే ముందు నీరసమే మనిషిని పడేస్తుంది. గంటకోసారి కొద్దికొద్దిగా మజ్జిగ, గంజి, ఓఆర్ఎస్ ఇవ్వండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి ఎంత ఇవ్వాలో డాక్టరుగారిని అడగండి. పూర్తిగా కూర్చోబెట్టి తాగించాలి, పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి బాగా ఆడటానికి బోర్లా పడుకోమంటారు; అలా పడుకోలేనివాళ్లను పక్కకి తిప్పి పడుకోబెట్టండి, రెండు గంటలకోసారి తిప్పండి, పుండ్లు కూడా పడవు.

స్టెరాయిడ్ బిళ్లలు సొంతంగా మొదలుపెట్టకండి. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణం నిలుపుతుందని, అవసరం లేనివాళ్లకి మేలు చేయదని 2020లోనే బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధనలో తేలింది. అయినా 2021లో మన దగ్గర జ్వరం వచ్చిన రోజు నుంచే వాడారు. షుగరు అదుపు తప్పినవాళ్లలో బ్లాక్ ఫంగస్ ఎలా వచ్చిందో అందరం చూశాం. స్టెరాయిడ్ వాడుతున్న ప్రతివాళ్లకీ రోజూ షుగరు చూడాలి.

మతిమరుపు ఉన్నవాళ్లు గదిలో ఉండరు. తాళం వేయకండి, కేకలు పెట్టి పడిపోతారు. ఒక మనిషిని తోడుగా పెట్టి, ఎవరూ లేని వేళలో ఆ ఒక్క వరండాలోనే నడిపించండి. మాస్కు కట్టుకున్న ముఖాలు వాళ్లకి భయం. ఆయమ్మలు తమ ఫొటో, పేరు పెద్దక్షరాలతో ఛాతీ మీద పెట్టుకుంటే కొంత నయం. చెవుడు ఉన్నవాళ్లు ఇన్నాళ్లూ మన పెదాలు చూసి అర్థం చేసుకున్నారు. వాళ్ల కోసం ఒక పలక, సుద్దముక్క పెట్టుకోండి.

గదిలో ఒక్కరే ఉన్నప్పుడు

మొదటి లాక్‌డౌన్‌లో మేము చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. పెద్దవాళ్లను నెలల తరబడి గదుల్లో ఉంచేశాం. జబ్బు రాలేదు. కానీ చేతికర్రతో నడిచే ఇద్దరు మంచానికి అంటుకుపోయారు, ఒక మామ్మగారు మాట్లాడటమే మానేశారు. కాబట్టి రోజుకి రెండుసార్లు, పదేసి నిమిషాలు నడిపించడం మందు ఇచ్చినంత కచ్చితంగా జరగాలి. నోటుపుస్తకంలో దానికీ ఒక గడి పెట్టండి.

ఇంటివాళ్లతో వీడియో కాల్‌కి టైము వేయండి. "ఎప్పుడైనా చేయండి" అంటే ఎవరూ చేయరు. మంగళవారం సాయంత్రం ఐదింటికి మనవరాలు చేస్తుందని తెలిస్తే, నాలుగింటికే తల దువ్వించుకుని కూర్చుంటారు. ఫోన్ పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి, లేకపోతే అవతలివాళ్లకి సీలింగ్ ఫ్యాన్ మాత్రమే కనిపిస్తుంది. కిటికీకి ఇటు తల్లి, అటు కొడుకు కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఎవరూ లేనివాళ్లకి స్టాఫ్‌లో ఒకరిని కేటాయించండి. ఆశ్రమంలో పెద్దవాళ్లను సరిగ్గా చూడటం లేదనిపిస్తే, లేదా సలహా కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు పెద్దవాళ్లకి కనిపించేలా హాల్లో రాయండి.

ఆఖరి ఘడియల్లో ఉన్నవాళ్ల దగ్గరికి మాత్రం ఇంటివాళ్లను రానివ్వండి. ఒకరికో ఇద్దరికో ఎన్-95 కట్టించి, గౌను తొడిగించి, అరగంట చేయి పట్టుకుని కూర్చోనివ్వండి. 2021లో మేము గేటు దగ్గరే ఆపేసిన ఒక కూతురి ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఎవరైనా పోతే మిగతా పెద్దవాళ్లకి దాచకండి. ఖాళీ అయిన మంచం వాళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. అందరూ ఎడంగా కూర్చుని దీపం పెట్టి, ఆ మనిషి గురించి నాలుగు మాటలు చెప్పుకోనివ్వండి.

మళ్లీ తలుపులు తీసేటప్పుడు

చివరి కేసు తర్వాత 14 రోజులు కొత్తది రాకపోతే మెల్లగా తీయండి. మొదట ఆరుబయట, వేపచెట్టు కింద, రోజుకి ఇంతమందే అని, మాస్కుతో. ఒంట్లో బాగాలేనివాళ్లు రాకూడదని ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి, ఊరి నుంచి బయల్దేరి వచ్చాక గేటు దగ్గర ఆపడం ఇద్దరికీ బాధ. తర్వాత గదుల్లోకి. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చినవాళ్లను, కొత్తగా చేరేవాళ్లను కొన్నాళ్లు విడి గదిలో ఉంచి పరీక్ష చేయించాకే అందరిలో కలపండి. వాడేసిన మాస్కులు, ఆక్సీమీటర్ సెల్స్ లెక్కచూసి, బీరువాని మళ్లీ నెలకి సరిపడా నింపి, తాళం ఎవరి దగ్గరుందో నోటుపుస్తకం అట్ట మీద రాసి పెట్టండి.